ఎక్స్‌లు అయిపోయిన ప్రెస్సు

గణితాన్ని పేజీ మీద పొందికగా అమర్చడం కోసమే పుట్టిన కంప్యూటర్ భాష ఒకటి ఉంది. నాకు దాన్ని నేర్పినవాడు నా కొడుకు ఈడు కుర్రవాడు. హిమాయత్‌నగర్‌లోని ఒక డీటీపీ సెంటర్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందు మీకు తోచింది ఏదైనా కొట్టండి అంకుల్ అన్నాడు. నేను ఎక్స్ కొట్టాను. పక్కన ఇంకో ఎక్స్ కొట్టాను. ఆ తర్వాత మీట మీద నుంచి వేలు తీయకుండా పేజీ నిండేదాకా ఎక్స్‌లే కొట్టాను. మీట ఇరుక్కుపోయిందేమోనని వాడు కంగారుగా లేచి వచ్చాడు.

"ఏం లేదు నాయనా, అయిపోతాయేమోనని చూస్తున్నా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. పెద్దాయన కదా అని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేవన్నీ ఆదేశాల గురించే. భిన్నానికి ఏం కొట్టాలి, వర్గమూలానికి ఏం కొట్టాలి అంటారు. అవి ఓ వారం కూర్చుంటే వచ్చేస్తాయి. అసలు పని వేరే ఉంది. దాని గురించి రాద్దామని ఇది మొదలుపెట్టాను. నా జీతాలు, పైపోస్టుల సంగతి రాయను. రాస్తే చదివి ఈ పనిలోకి రావడం మానేస్తారు.

లెక్కల్లో తప్పడమే అర్హత

1969 నాటికి నేను పీయూసీ లెక్కల్లో తప్పి, ముషీరాబాద్‌లో మా మామ టింబర్ డిపోలో దుంగల మీద సుద్దతో నంబర్లు వేస్తున్నాను. అంతకుముందు సెలవుల్లో ఒక చిన్న ప్రెస్సులో కంపోజింగు నేర్చుకున్నాను. సీసం అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరసలుగా పేర్చడం ఆ పని. చిక్కడపల్లి సందులో రాఘవయ్యగారి ప్రెస్సులో మనిషి కావాలని తెలిసి వెళ్లాను.

రాఘవయ్యగారిది తెనాలి వైపు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, సినిమా హాళ్ల కరపత్రాలు వేసేవారు. ఎలాంటి పని వచ్చినా "ఓస్, అదెంత" అనడం ఆయనకు అలవాటు. అలా అనేసి ఒప్పుకున్న పనే ఇంటర్మీడియట్ గణితం, అదీ తెలుగు మీడియంలో.

నా ఇంటర్వ్యూ క్షణంలో అయిపోయింది. ఏం చదివావని అడిగారు. లెక్కల్లో పోయిందని నసిగాను. ఆయన ముఖం వికసించింది.

"పోవాలంటే ముందు చదివి ఉండాలిగా. మా ఫోర్‌మన్ యాదగిరి ఆ మాత్రం కూడా చదవలేదు. రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు.

పుస్తకం రాసింది చలపతిరావుగారనే లెక్చరరు. ఉండేది అశోక్‌నగర్‌లో. నేను తప్పింది ఆయన క్లాసులోనే. మొదటిసారి ప్రూఫులు పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు కళ్లద్దాల పైనుంచి చూసి, కిటికీ పక్కన కూర్చునేవాడివి కదూ అన్నారు. అవునన్నాను. ఇప్పుడెక్కడ కూర్చుంటున్నావని అడిగారు. ఇంగ్లీషు అక్షరాల ముందు సార్ అన్నాను. ఆయన ప్రూఫుల కోసం చెయ్యి చాపారు.

కాలేజీల్లో తెలుగు మీడియం అప్పుడే మొదలవుతోంది. క్లాసు ఉంది, పిల్లలున్నారు, పుస్తకం లేదు. గణితం తెలుగులో చెప్పడమే కష్టం, ఇక అచ్చువేయడమా అని సాటి లెక్చరర్లు స్టాఫ్‌రూములో నవ్వుతున్నారట. పైగా ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లో ఒకటే బందులు, ఊరేగింపులు. కాలేజీలు మూతపడి ఉన్నాయి. అవి తెరిచే రోజుకు పుస్తకం మొదటి భాగం తన చేతిలో ఉండాలని, లేకపోతే రాతప్రతి మద్రాసు ప్రెస్సుకు వెళ్లిపోతుందని చలపతిరావుగారు షరతు పెట్టారు. రాఘవయ్యగారు నాకు పెట్టిన షరతు ఇంకా సులువుగా ఉంది. రాతప్రతి మద్రాసు వెళ్తే నేను ముషీరాబాద్ వెళ్తాను.

మళ్లీ ఆ దుంగలను తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

బోసిగా ఉందని

మా ఫోర్‌మన్ యాదగిరి అన్న ఉండేది కవాడిగూడలో. శుభలేఖల్లో ఆయన్ని మించినవాడు మా చుట్టుపక్కల లేడు. వధూవరుల పేర్లు ఏ సైజులో ఉండాలో, మేనమామల పేర్లు ఎక్కడ పెడితే గొడవ రాదో ఆయనకు కొట్టినపిండి. గణితాన్ని కూడా ఆయన ఆ కంటితోనే చూశాడు.

ఇప్పుడు మీరు ఒక చిన్న మాట కొడితే భిన్నం దానంతటదే తయారవుతుంది. మేం పైవరస ఒకటి, కిందివరస ఒకటి పేర్చి మధ్యలో ఇత్తడి గీత పెట్టేవాళ్లం. నెత్తిమీది చిన్న రెండు పైన నిలబడాలంటే దాని కింద సీసం ముక్క దూర్చాలి. చుట్టూ ఖాళీ అంతా ముక్కలతో బిగించాలి. వెంట్రుకవాసి వదులున్నా, పేజీ ఎత్తేసరికి వర్గాలన్నీ జలజలా నేల మీద రాలేవి. వాటిని ఏరుకుంటూ నేలమీద పాకిన రోజులున్నాయి.

యాదగిరి అన్న ఇంత కష్టపడి మొదటి సూత్రం నిలబెట్టి, దాని కింద ఒక పువ్వు పెట్టాడు. శుభలేఖలో గణపతి బొమ్మ కింద పెట్టే పువ్వు అది. చలపతిరావుగారు ప్రూఫు చూసి ఇదేమిటని అడిగారు. నేను వచ్చి యాదగిరి అన్నను అడిగాను.

"ఏం లేదు తమ్మీ. సూత్రమొక్కటే ఉంటే జర బోసిగ ఉందని పెట్టిన" అన్నాడు.

నేను తిరిగి వెళ్లి అదే మాట చెప్పాను. ఆయన కోప్పడలేదు. గణితంలో ప్రతి గుర్తుకూ ఒక అర్థం ఉంటుందని, పిల్లవాడు ఆ పువ్వుకు కూడా విలువ కట్టడానికి కూర్చుంటాడని, బోసిగా ఉన్నచోట బోసిగానే ఉంచమని చెప్పారు. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. మీకు ఇప్పుడు పువ్వులు లేవు కానీ రంగులున్నాయి, నీడలున్నాయి, పెట్టెలున్నాయి. అవన్నీ పువ్వులే. అర్థం లేనిదాన్ని సూత్రం దగ్గరికి రానివ్వకండి.

అక్షరాల కరువు

రెండో పేజీ మధ్యలో ఎక్స్‌లు అయిపోయాయి.

ఇది అర్థం కావాలంటే అక్షరాల పెట్టె గురించి చెప్పాలి. దాన్ని కేసు అనేవాళ్లం. అందులో అక్షరానికో అర. ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే 'ఇ'కి పెద్ద అర, ఎప్పుడో గానీ రాని 'ఎక్స్'కి అగ్గిపెట్టెంత అర. రసీదులు వేసేవాళ్లకు అది చాలు. గణితం పుస్తకంలో మాత్రం గాలి తర్వాత ఎక్కువ కావలసింది ఎక్సే. పేజీ అచ్చయ్యాక అక్షరాలు విప్పి మళ్లీ అరల్లో వేసుకోవచ్చు. కానీ ప్రూఫు చదివి, దిద్ది, మళ్లీ చదివేదాకా ఆ పేజీ కట్టినది కట్టినట్టే ఉండాలి. ఎక్స్‌లన్నీ అందులో బందీలు. కొత్తవి మద్రాసు నుంచి తెప్పించాలని రాఘవయ్యగారు ఆర్డరు పెట్టారు. బందుల వల్ల పార్సిలు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

"ఇంగ్లీషోళ్లే గింత పొదుపుగ వాడే అక్షరాన్ని మీ సారు గిట్ల నీళ్ల లెక్క ఖర్సు చేస్తుండేంది" అన్నాడు యాదగిరి అన్న.

ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. గుణకారం గుర్తులు అరలో బోలెడున్నాయి. చూడటానికి ఎక్స్ లాగే ఉన్నాయి కదా అని మిగతా పేజీ అంతా వాటితో నింపేశాడు. చలపతిరావుగారు ఆ పేజీని పైకి చదివి వినిపించారు. రెండు గుణకారం గుణకారం కూడిక మూడు గుణకారం అంటూ సగం చదివేసరికి ఆయనకే నవ్వొచ్చి ఆపేశారు.

తర్వాత నేను సైకిలు మీద అక్షరాల భిక్షకు బయల్దేరాను. ప్రెస్సుల మధ్య అప్పటి మర్యాద అది. ఎవరి దగ్గర ఏ అక్షరం తక్కువైనా పక్కవాళ్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు. నారాయణగూడలో అడిగితే, మాకు మాత్రం ఎక్స్ దేనికి, తీసుకుపో అన్నారు. హిమాయత్‌నగర్‌లోనూ అదే మాట. ఒక్కచోట మాత్రం ఎక్స్‌లు బాగా అరిగి ఉన్నాయి, పైగా అన్నీ పెద్దక్షరాలే. ఆ ప్రెస్సువాళ్లు ఎక్స్‌రే క్లినిక్కు కార్డులు వేస్తారట. అవి తప్ప మిగతావన్నీ జేబులు నింపుకుని వచ్చాను. యాదగిరి అన్న ఆ పూట నాకు ఇరానీ చాయ్ తాగించాడు. పేజీ కట్టాం.

నేను గర్వంగా ప్రూఫు తీసుకెళ్లాను. చలపతిరావుగారు చాలాసేపు చూశారు. తర్వాత పెన్సిలుతో ఒక ఎక్స్ చుట్టూ సున్నా చుట్టారు. దాని కింద ఇంకోదాని చుట్టూ చుట్టారు.

"నర్సింగరావూ, ఈ లావుపాటి ఎక్స్, ఈ సన్నపాటి ఎక్స్, ఈ వాలిపోయిన ఎక్స్, ఇవన్నీ ఒకటేనా, వేరువేరా?"

ఒకటే సార్ అన్నాను. లావుది నారాయణగూడది, సన్నది హిమాయత్‌నగర్‌ది, వాలింది మాదే అని వివరంగా చెప్పాను కూడా.

"నీకు తెలుసు కాబట్టి ఒకటే. పిల్లవాడికి నారాయణగూడ సంగతి ఎలా తెలుస్తుంది? వాడికి ఇక్కడ ముగ్గురు అజ్ఞాత వ్యక్తులు కనిపిస్తున్నారు. వాళ్లను పట్టుకోవడానికి మనం ఇచ్చింది ఒక్క సమీకరణం" అన్నారు.

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి సైకిలు నడిపించుకుంటూ వచ్చాను, ఎక్కడానికి మనసొప్పలేదు. కథలో ఒక మాట ఒక సైజులో, ఇంకో మాట ఇంకో సైజులో ఉంటే చూడటానికి బాగుండదు, అంతే. గణితంలో ఆకారం మారితే మనిషే మారిపోతాడు. మీరు ఇవాళ ఒక చోట వాలు అక్షరం, ఇంకో చోట నిలువు అక్షరం కొట్టి, ఎవరు చూస్తారులే అనుకుంటారు. ఎవరూ చూడకపోయినా, అర్థంకాని పిల్లవాడు చూస్తాడు. అర్థంకానివాడే ప్రతి గీతనూ పట్టిపట్టి చూస్తాడు. ఒకప్పుడు నేనూ అలా చూసినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

ఎక్కడ కాదు, ఎప్పుడు

కాలేజీలు తెరుస్తారన్న వార్త పేపర్లో వచ్చింది. మేమింకా మొదటి అధ్యాయంలోనే ఉన్నాం. రాఘవయ్యగారు జీవితంలో మొదటిసారి "ఓస్" అనడం మానేశారు. నేను నా చొక్కా, టిఫిను డబ్బా సర్దుకోవడం ఒక్కటే తక్కువ. ఆ స్థితిలో చలపతిరావుగారు స్వయంగా ప్రెస్సుకు వచ్చారు. రాతప్రతి తీసుకుపోవడానికి వచ్చారనే మేమంతా అనుకున్నాం. చేతిలో గుడ్డసంచీ కూడా ఉంది.

ఆయన ముందు యాదగిరి అన్న ఆఖరి ప్రయత్నం చేశాడు. ఎక్స్ బదులు 'ఇ' పెట్టుకుంటే ఏం పోతుందని, అది పెట్టె నిండా ఉందని చెప్పాడు. దానికి గణితంలో ముందే ఒక విలువ ఉందన్నారు ఆయన. పోనీ 'ఐ' అన్నాడు. అదీ ఖాళీ లేదు. 'ఓ' పెడితే సున్నా అనుకుంటారు. ఎ, బి, సి తెలిసినవాటికి. వై రెండో తెలియనిదానికి. జెడ్ ఎక్స్ కన్నా కరువు. ఏ అక్షరం దగ్గరికి వెళ్లినా, బస్సులో సీటు మీద తువ్వాలు వేసి ఉన్నట్టు, ఎవడో ఒకడు ముందే ఆపుకుని ఉన్నాడు.

అప్పుడు చలపతిరావుగారు ఒకసారి ఆ పెట్టె చూపించమన్నారు. ఇన్నేళ్లుగా గణితం చెబుతున్నా అక్షరాలను ఆయన సీసం ముక్కలుగా చూడటం అదే మొదటిసారి అనుకుంటా. యాదగిరి అన్న ఒక్కో అర చూపిస్తూ పోయాడు. ఒక అర దగ్గర ఆయన ఆగారు. అది 'టి' అర. పైదాకా నిండి ఉంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

కాలాన్ని గణితంలో టి అంటారు. తెలియనిది కాలమైతే ఎక్స్‌తో పనేముంది? అదీ ఆయన ఆలోచన. ఉన్న కాసిని ఎక్స్‌లు సిద్ధాంతాలకు వాడదామని, ఉదాహరణలు, అభ్యాసాలు అన్నీ కాలం మీదకు మార్చేస్తానని, అందుకు ఇక్కడే కూర్చుంటానని చెప్పారు. సంచీలోంచి తెల్లకాగితాలు తీశారు. రాతప్రతి తీసుకుపోవడానికి కాదు ఆయన వచ్చింది. నాకు ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, చేతులకు సిరా ఉంది.

ఆ తర్వాత మా ప్రెస్సులో జరిగింది మరే ప్రెస్సులోనూ జరిగి ఉండదు. రచయిత ఒక పక్క లెక్క రాస్తున్నారు, మేం రెండో పక్క పేరుస్తున్నాం. నిత్యం కాలంతో ముడిపడ్డ విషయాలు చెప్పండయ్యా అని ఆయన అడిగితే అందరూ చెప్పేవాళ్లు. కవాడిగూడలో నల్లా నీళ్లు ఒక్క గంట వస్తే, కింద చిల్లుపడ్డ డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందన్నది యాదగిరి అన్న ఇంటి లెక్క. ట్యాంక్‌బండ్ మీద నుంచి రాయి విసిరితే ఎంతసేపటికి నీళ్లలో పడుతుందన్నది నాది.

ఇక రాఘవయ్యగారి లెక్క. ఆ ఏడు ఊరంతా ఆంధ్రా, తెలంగాణ అని రెండు పక్షాలైంది. మా ప్రెస్సులోనూ ఆ మాట రాకుండా అందరూ జాగ్రత్తగా నడిచేవాళ్లం. ఆ మాట వచ్చిన రోజున రాఘవయ్యగారు, యాదగిరి అన్న ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడక, అన్నీ నాతో చెప్పించుకునేవాళ్లు. అలాంటి ఒక రోజునే రాఘవయ్యగారు, తెనాలి నుంచి ఒక రైలు, హైదరాబాదు నుంచి ఒక రైలు ఎదురెదురుగా బయల్దేరితే అవి ఎక్కడ కలుస్తాయో అడగండి అన్నారు. చలపతిరావుగారు రాయబోతున్నారు. యాదగిరి అన్న చేతిలో పని ఆపి తలెత్తాడు. ఏమంటాడోనని నేను వాళ్లిద్దరి మధ్యకు జరిగాను.

"ఎక్కడ అని అడగకుండ్రి సార్. ఎక్కడ అంటే ఎక్స్ కావాలె. ఎప్పుడు కలుస్తయని అడుగుండ్రి" అన్నాడు.

ముందు చలపతిరావుగారు నవ్వారు. తర్వాత రాఘవయ్యగారు నవ్వారు. ఆ తర్వాత ఆయన యాదగిరి అన్న వైపే తిరిగి, నా మధ్యవర్తిత్వం లేకుండా, చాయ్ తాగుదాం పద అన్నారు.

యాదగిరి అన్న డ్రమ్ము లెక్కను పేర్చింది నేను. పేర్చడానికి అక్షరాలను తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి చదవాలి. అలా తలకిందులుగా చదువుతూ చదువుతూ ఉండగా నాకు ఆ లెక్క అర్థమైంది. క్లాసులో ఎక్స్ అంటే ఏంది సార్ అని అడగాలని ఏడాదంతా అనుకుని, అందరూ నవ్వుతారని అడగలేదు. ఇక్కడ టి అంటే మాత్రం డ్రమ్ము నిండేదాకా యాదగిరి అన్న బిందె పట్టుకుని నిలబడే సేపు. అది నాకు తెలుసు. అప్పుడు కలిగిన సంతోషం ఆ తర్వాత ఏ జీతం పెరిగినా కలగలేదు.

పార్సిలు

కాలేజీలు తెరిచిన రోజు పొద్దున్న చలపతిరావుగారు అదే గుడ్డసంచీ నిండా పుస్తకాలు వేసుకుని వెళ్లారు. సిరా వాసన ఇంకా పోలేదు. నేను ముషీరాబాద్ వెళ్లే అవసరం తప్పింది. కొన్నాళ్లకు ఆ పుస్తకం చూసిన ఒక పెద్ద ప్రొఫెసరు, గణితాన్ని నిత్యజీవితంతో ఇంతగా ముడిపెట్టిన రచయిత తెలుగులో మరొకరు లేరని మెచ్చుకున్నారట. చలపతిరావుగారు ఆ మాట మాకు చెప్పడానికి పనిగట్టుకుని నడిచి వచ్చారు. నిజం చెప్పారా సార్ అని అడిగాను. అక్షరాలు లేక అలా రాశానంటే ఆయన నమ్ముతారా అన్నారు.

అన్నీ అయిపోయాక మద్రాసు పార్సిలు వచ్చింది. విప్పితే కొత్త ఎక్స్‌లు, తళతళలాడుతూ, సేరు పైనే. పుస్తకం రెండోసారి వేసేటప్పుడు రాఘవయ్యగారు, ఇప్పుడు మనకు కొరత లేదు, మళ్లీ ఎక్స్ పెట్టమంటారా అని అడిగారు. చలపతిరావుగారు వద్దన్నారు. ఆ రైళ్లు, డ్రమ్ములు ఉన్న అధ్యాయాల్లో వెనకబెంచీ పిల్లలు కూడా చెయ్యెత్తి అడుగుతున్నారని చెప్పారు. నా వైపు చూసి, నువ్వు కూడా మళ్లీ పరీక్ష కట్టు అన్నారు. కట్టాను. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

పిల్లలకు నేను చెప్పదలిచింది ఇంతే. మీ కంప్యూటర్‌లో ఏదీ అయిపోదు. మంచిదే. కానీ అయిపోవడం వల్లే రాసేవాడు, పేర్చేవాడు, బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడేవాడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మీరు ఆ రచయిత ముఖమైనా చూడకుండా పుస్తకం పూర్తి చేస్తున్నారు. వెళ్లి చూడండి. ఇది లావుగా ఉండాలా, సన్నగా ఉండాలా, ఇవి రెండూ ఒకటేనా అని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఇక ఆ సేరు ఎక్స్‌ల సంగతి. యాదగిరి అన్న వాటిని వృథా కానివ్వలేదు. నా పెళ్లికి శుభలేఖ ఆయనే స్వయంగా పేర్చాడు, నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు. అచ్చయ్యాక చూస్తే, కార్డు చుట్టూ నాలుగు వైపులా అంచు కట్టినట్టు వరసగా ఎక్స్‌లు. మా మామగారి వైపు వాళ్లు అదేదో హైదరాబాదు ఫ్యాషన్ అనుకున్నారు. చలపతిరావుగారు మాత్రం ఆ కార్డు జేబులో పెట్టుకుని పెళ్లికి వచ్చి, నాకు అక్షింతలు వేసి, దాన్ని తీసి చూపించారు.

"చుట్టూ ఇన్ని తెలియనివి పెట్టుకుని ఏ ధైర్యంతో దిగావయ్యా?"

నా పక్కన కొత్త ధోవతి కట్టుకుని నిలబడ్డ యాదగిరి అన్న ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

"ఏం లేదు సార్. జర బోసిగ ఉందని" అన్నాడు.